చూపు అందని పొలం

ఆస్ట్రేలియాలోని వాంగరట్టలో నాది కళ్లద్దాల దుకాణం. జోసెలిన్ ట్రెంబాత్‌ను మొదటిసారి చూసింది అక్కడే, 2009 మే నెలలో. చదువుకోవడానికి అద్దాలు కావాలని వచ్చింది. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్లు. పొడుగు మనిషి, ఎండకు కమిలిన మెడ, ఎప్పుడూ ఎదురుగాలిలో నడుస్తున్నట్టు కాస్త ముందుకు వంగిన నడక. లోపల ఇంకొకరికి పరీక్ష చేస్తున్నాను, కాసేపు కూర్చోమన్నాను. బయటికి వచ్చి చూస్తే కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని బల్ల దగ్గర నిలబడి, నేను పరిచి ఉంచిన పటాన్ని చూస్తోంది.

అది యుద్ధం ఆట పటం. ఊళ్లు, అడవులు, రాళ్ల గోడలు, గోధుమ రంగు కొండలు గీసిన పెద్ద కాగితం. దాని మీద తేనెపట్టులాగా ఆరుమూలల గడులు. ప్రతి గడి నడుమ ఒక చుక్క. చిన్న చిన్న అట్టబిళ్లలే అందులో దళాలు, తుపాకులు, బళ్లు.

"ఈ బిళ్ల ఎవరిదండీ?" అంది.

"నాదే. ఆ బావి దగ్గరున్నవాళ్లను కాల్చబోతోంది."

"ఎలా కాలుస్తుంది? ఇక్కణ్ణుంచి బావి కనబడదుగా. ఈ గుట్ట భుజం అడ్డమొస్తోంది."

నవ్వుతూ సొరుగులోంచి నల్లదారం తీశాను. బిళ్ల ఉన్న గడి చుక్క మీద ఒక కొస, బావి గడి చుక్క మీద ఇంకో కొస పెట్టి బిగించాను. దారం గుట్ట అంచును వెంట్రుకవాసి తాకుతూ పోయింది. ఆ గీత దగ్గర నేను రెండు రోజులుగా కొట్టుకుంటున్నాను. ఆమె దారం లేకుండా, అద్దాలు కూడా లేకుండా చెప్పేసింది.

"మీరు ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాను.

"ఆటా? నాకేం తెలీదు. నేను మంటల కావలి మంచె మీద పనిచేస్తాను."

ఆ సాయంత్రమే మా ఆటల సంఘంలో ఆమె పేరు రాయించాను. అక్కడ అందరూ నన్ను కెల్ అన్నట్టే ఆమెను జాస్ అని పిలవడం మొదలుపెట్టారు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అంటే మా ఎండాకాలమంతా, జాస్ కొండమీద ఇనుప మంచె ఎక్కి కూర్చునేది. నాలుగు వైపులా గాజు, నడుమ దిక్కులు చూసే చక్రం, పక్కన రేడియో, మెడలో దుర్భిణి. అడవిలో ఎక్కడ పొగ లేచినా అది ఏ దిక్కున, ఎంత దూరాన ఉందో కిందివాళ్లకు చెప్పాలి. మొదటి ఏడాది ఒక మధ్యాహ్నం పొగ చూసి, అది దగ్గరి కొండ ముందువాలులో ఉందని చెప్పింది. మంటలార్పే బృందం వెళ్తే అక్కడ ఏమీ లేదు. మంట ఆ కొండ వెనక లోయలో ఉంది. అది చుట్టి వెళ్లడానికి వాళ్లకు నలభై నిమిషాలు పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, ఆ నలభై నిమిషాలూ జాస్‌కు రేడియో పక్కనుంచి కదలబుద్ధి కాలేదు.

ఆ తరవాత సెలవు దొరికినప్పుడల్లా పాత జీపేసుకుని లోయల్లోకి దిగేది. వాగు పక్కన ఆగి తల ఎత్తేది. మంచె కనబడితే సరే. కనబడకపోతే ఆ చోటు పుస్తకంలో రాసుకునేది. కింద నుంచి మంచె కనబడకపోతే మంచె మీద నుంచి కిందిదీ కనబడదు కదా. మూడేళ్లలో ఆ పుస్తకం నిండింది. కనబడేవి అందరికీ కనబడతాయి, కనబడని చోట్లు గుర్తుపెట్టుకోవడమే నా ఉద్యోగం అనేది.

అలాంటి మనిషి మా ఆటలో తొలి రెండేళ్లూ వరసగా ఓడిపోయింది.

మా ఆటలో ఒక కఠినమైన నియమం ఉంది. కాల్చేముందు దారం పట్టి చూసుకోకూడదు. ఫలానా బిళ్ల ఫలానా బిళ్లను కాలుస్తోందని ముందు నోటితో అనాలి. అన్న తరవాతే దారం. అడ్డేమీ లేకపోతే పాచికలు వెయ్యొచ్చు. అడ్డుంటే ఆ దెబ్బ పోయినట్టే, ఆ వంతులో ఆ తుపాకీ మళ్లీ పేలదు. ఇక్కడ కంటికి పని ఎక్కువ. జాస్ కన్ను గొప్పదే, చిక్కంతా ఆమె వాదనలతో వచ్చేది.

"చెట్ల మొదళ్ల సందుల్లోంచి కనబడదా, కెల్? నేను రోజూ చూస్తాను."

"ఈ అడవిలో సందులు లేవమ్మా. ఇది అచ్చేసిన అడవి."

"రాళ్ల గోడ నడుం దాకానే ఉంటుందిగా. నిలబడ్డవాడి తల కనబడదా?"

"నిబంధనల పుస్తకంలో నిలబడ్డవాడు లేడు. వంగున్నవాడూ లేడు. గోడ ఉందంతే."

కోపంగా బిళ్లలు సర్దుకుని వెళ్లిపోయేది. మళ్లీ గురువారం ఏడింటికల్లా అందరికన్నా ముందు వచ్చి హీటరు వెలిగించి కూర్చునేది. ఒక చలికాలమంతా నిబంధనల పుస్తకం ఇంటికి పట్టుకెళ్లింది. తిరిగొచ్చాక చెట్ల సందుల మాట ఇక ఎత్తలేదు.

"ఇది వేరే దేశం, కెల్. దీని కొండలకు దీని చట్టం. అది తెలీక నా కొండల చట్టం ఇక్కడ నడిపాను" అంది. ఆ ఏడు మా సంఘంలో ఆమెను ఓడించినవాడు లేడు.

ఇప్పుడు 2016 జూన్ సంగతి. ఇంగ్లండు రాణిగారి పుట్టినరోజు సెలవు కలిసొచ్చే మూడు రోజుల్లో మా ఊళ్లో పోటీలు పెడతాం. ఆ ఏడు ప్రదర్శన మైదానం పక్క హాల్లో ముప్ఫై ఇద్దరు ఆడారు. అంపైర్‌ను నేనే. సోమవారం మధ్యాహ్నం ఆఖరి ఆటలో జాస్ ఎదురుగా గీలాంగ్ నుంచి వచ్చిన వార్విక్ డన్‌స్టన్ కూర్చున్నాడు. ఉన్ని రకాలు చూసి వేరుచేసే పని అతనిది. వేలితో తడిమి చెప్పేయగలడు. మూడుసార్లు ఈ కప్పు ఎత్తుకుపోయాడు. నోరు మాత్రం ఒక్క నిమిషం ఊరుకోదు.

"ఏంటి జాస్, మంచె దిగొచ్చావా? కింద గాలి సరిపోతోందా?"

"సరిపోతోంది గానీ వార్విక్, నీ మాటల పొగకు కళ్లు మండుతున్నాయి."

హాలంతా నవ్వింది. ఆట మొదలైంది.

పటంలో ఉత్తరాన చర్చి గుట్ట, రెండు మెట్ల ఎత్తు. దాని మీద వార్విక్ మెషిన్ గన్. గుట్ట పాదాన అడ్డంగా చెట్ల వరస. ఆ వరసకు దక్షిణాన చదునైన పొలం, ఒక్క పొద కూడా లేదు. పొలానికి పడమటి కొసన ఎండిన కాలవ, తూర్పు కొసన నది మీద వంతెన. ఎనిమిది వంతులు ముగిసేసరికి జాస్ దళం ఒక్కటైనా వంతెన మీద ఉంటే ఆమె గెలిచినట్టు. లేకపోతే వార్విక్.

ఏడు వంతులైపోయాయి. ఎనిమిదో వంతులో వార్విక్ భాగం కూడా ముగిసింది. ఇక మిగిలింది జాస్ భాగం ఒక్కటే. ఆమె దగ్గర పనికొచ్చే దళం ఒకటే ఉంది, కాలవలో దాక్కుని. వంతెనకూ దానికీ నడుమ, చెట్లకు దూరంగా, ఐదు గడుల పొలం. గుట్ట మీద మెషిన్ గన్ ఆ పొలాన్ని మింగేసేలా చూస్తోందని మా అందరి లెక్క. అందుకే ఆట మొదలైనప్పట్నుంచీ ఆ పొలంలో ఎవరూ కాలు పెట్టలేదు. ఒక చిన్న ఫిరంగిని మాత్రం జాస్ కిందటి వంతులో పొగ బిళ్ల చాటున చెట్ల వరస నుంచి రెండో గడిలోకి తోసుకొచ్చింది. ఇప్పుడు పొగ పోయింది.

చుట్టూ ఇరవై మంది మూగారు. మిగతా బల్లల మీద ఆటలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వార్విక్ చేతిలో సగం తిన్న మాంసం పఫ్, దాని మీద టమాటా సాసు.

జాస్ అంది: "నా ఫిరంగి చర్చి దగ్గర మెషిన్ గన్‌ను కాలుస్తోంది."

నోరు దాటిన మాట వెనక్కి రాదు. దారం తీశాను. ఈ చుక్క నుంచి ఆ చుక్కకు బిగించాను. దారం చెట్ల ఆకుపచ్చ రంగు మీదుగా పోయింది. అది మేం ఊహించిందే. ప్రశ్నల్లా ఆ చెట్ల ఎత్తు ఎంత అన్నదే.

మా నియమం చూడటానికి తేలికే. అడ్డుకన్నా ఎత్తున ఉన్నవాడికి ఆ అడ్డు వెనక ఒక్క గడే చాటు, మిగిలిందంతా కనబడుతుంది. అడ్డూ అతనూ సమానమైన ఎత్తులో ఉంటే, అడ్డు వెనక పల్లమంతా చాటే.

"చెట్లు ఒక మెట్టు. నీవాడు రెండో మెట్టు మీదున్నాడు" అంది జాస్. "నా ఫిరంగి రెండో గడిలో ఉంది. కనబడుతుంది."

"ఆగాగాగు!" వార్విక్ పఫ్ పక్కన పెట్టేశాడు. "ఆ చెట్లు నేల మీద లేవు తల్లీ! గుట్ట ఒళ్లో కూర్చున్నాయి. గుట్ట పాదం ఒక మెట్టు, చెట్టు ఒక మెట్టు. ఎన్నయ్యాయి? రెండు! నా మెషిన్ గన్‌కు సమానం. ఇక కనబడేదేంటి, నా తలకాయా!"

"గోధుమ రంగు ఆ గడిలో సగమే ఉంది, వార్విక్. దారం పోయింది రెండో సగం మీద నుంచి. అక్కడ చదును నేలే."

"చుక్క ఎక్కడుంది? చుక్క చూడు, చుక్క!"

అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. వార్విక్ పెద్దగా అన్నాడు: "ఏం డాక్టరూ, ఊరందరి చూపూ పరీక్ష చేస్తావు, ఈ చూపు సంగతి తేల్చలేవా?"

పుస్తకం తెరిచాను. ఒకచోట, అడ్డు బొమ్మ ఎంతమేర గీసి ఉందో అంతమేరే అడ్డు అని ఉంది. ఇంకోచోట, గడి ఎత్తంటే ఆ గడి నడుమ చుక్క ఉన్న నేల ఎత్తే అని ఉంది. జాస్‌కు మొదటి వాక్యం ఆసరా, వార్విక్‌కు రెండోది. వెనక నుంచి తలా ఒక మాట. ఆల్బరీ నుంచి వచ్చిన వాళ్లు ముగ్గురు జాస్ వైపు, గీలాంగ్ వాళ్లందరూ వార్విక్ వైపు. ఒకాయన బల్ల మీద పిడికిలి గుద్దితే పాచికలు ఎగిరి కిందపడ్డాయి.

"పావుగంట టైమివ్వండి" అని వంటగదిలోకి పోయి తలుపేసుకున్నాను. టీ బాయిలరు బుసలు కొడుతోంది. రెండు వాక్యాలనూ పదిసార్లు చదివాను. చివరికి ఒకటి తోచింది. ఇవి పోట్లాడుకునే వాక్యాలు కావు, రెండు వేరే ప్రశ్నలకు రెండు జవాబులు. దారం అడ్డును తాకిందా లేదా అన్నది బొమ్మను బట్టి. తాకితే ఆ అడ్డు ఎంత ఎత్తు అన్నది చుక్కను బట్టి. దారం ఆకుపచ్చను తాకింది. చుక్క గోధుమ రంగు మీద ఉంది.

బయటికొచ్చి చెప్పాను. "చెట్ల ఎత్తు రెండు మెట్లు. చూపుకు అడ్డుంది. జాస్, నీ దెబ్బ పోయింది."

గీలాంగ్ వాళ్లు ఈలలు వేశారు. వార్విక్ రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ, "అదీ! కళ్లద్దాలు అమ్మేవాడంటే అలా ఉండాలి!" అన్నాడు. నేను జాస్ మొహం చూడలేకపోయాను. ఏడేళ్ల స్నేహం. ఆఖరి ఆటలో ఆమె ఆఖరి దెబ్బను నా నోటితో నేనే తీసేశాను.

జాస్ మాత్రం ముందుకు వంగి, వేలు ఆ చెట్ల వరస మీద పెట్టింది.

"ఇంకోసారి చెప్పు, కెల్. ఈ చెట్లెంత?"

"రెండు మెట్లు."

"ఈ ఒక్క గడేనా? చుక్క గోధుమ రంగు మీదున్న గడులన్నీ అంతేనా?"

"అన్నీ అంతే."

"చూపు ఇటు నుంచి అటు ఎంతో, అటు నుంచి ఇటూ అంతేనా?"

"అంతే కదా మరి..." అంటూ సగంలో ఆగిపోయాను.

వెనక ఎవరో "ఓరి నాయనో!" అన్నారు. పఫ్ కోసం వెళ్లిన వార్విక్ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

ఫిరంగికి మెషిన్ గన్ కనబడకపోతే మెషిన్ గన్‌కు ఫిరంగీ కనబడదు. ఫిరంగి ఒక్కటేనా, చెట్ల వెనక పల్లంలో ఉన్నదేదీ కనబడదు. ఏడు వంతులుగా మేమంతా మృత్యువు అనుకుని చూస్తున్న ఆ పొలం గుట్ట మీదవాడి చూపు అందని పొలం. ఆ మాట నిలబెట్టడానికి ఇప్పటిదాకా గొంతు చించుకున్నది వార్విక్కే.

"దళం కాలవలోంచి లేచింది" అంది జాస్. "మొదటి గడి."

వార్విక్ పటం మీదకు వంగాడు. నడిచే దళాన్ని అతను ఒక్కసారి కాల్చొచ్చు. ఒక్కసారే.

"రెండో గడి."

"ఉండు, ఉండు. చూసుకోనీ." కళ్లు చికిలించి చెట్ల వరస వెంట చూపు పరిగెత్తించాడు. మూడో గడికి ఎదురుగా ఉన్న చెట్ల గడిలో గోధుమ రంగు మిగతావాటికన్నా తక్కువ. చుక్క దాని అంచున ఉందో, బయట ఉందో తెలీడం లేదు.

"మూడో గడి" అంది జాస్.

"కాలుస్తున్నాను!" అరిచాడు వార్విక్. "అక్కడ చుక్క బయటుంది! చదును మీదుంది!"

దారం పట్టాను. ఆకుపచ్చ మీదుగానే పోయింది. ఇక చుక్క చూడాలి. మామూలు కంటికి తేలేలా లేదు. జేబులోంచి భూతద్దం తీసి, బల్ల మీద మోచేతులు ఆనించి చూశాను. నా తల పక్కన ఒకవైపు వార్విక్ తల, ఇంకోవైపు జాస్ తల. ముగ్గురి ఊపిరికీ అద్దం మసకేసింది. తుడిచి మళ్లీ చూశాను. గోధుమ రంగు చుక్కను పూర్తిగా కప్పలేదు. కానీ చుక్క నడిబిందువు రంగులోపలే ఉంది. ఏమాత్రం అనుమానం లేదు.

"నువ్వూ చూడు" అని అద్దం వార్విక్‌కు ఇచ్చాను.

అతను చాలాసేపు చూశాడు. "లోపలుంది" అన్నాడు మెల్లగా. ఆ మాట అతను అనడం నాకు ఎంతో నచ్చింది.

దెబ్బ పోయింది. మెషిన్ గన్ ఇక ఈ వంతులో పేలదు.

"నాలుగో గడి" అంది జాస్. తరవాతి గడికి ఎదురుగా చెట్ల వరస తెగి బాట ఉంది. అక్కడ అడ్డేమీ లేదు. మెషిన్ గన్‌కు నిండా కనబడే చోటు అదొక్కటే. వార్విక్ ఆ ఒక్క గడి దాకా ఓపిక పట్టి ఉంటే పాచికలు అతనివే. అది ఇప్పుడు అందరికీ తెలుస్తోంది. అతనికి మరీ తెలుస్తోంది.

"ఐదు." బిళ్ల బాట దాటింది. "వంతెన."

హాలు కప్పు ఎగిరిపోయిందనుకున్నాను. ఎవరో జాస్‌ను కుర్చీతో సహా లేపారు. ఆల్బరీ వాళ్లు బల్లలు వాయించారు. గీలాంగ్ వాళ్లే ముందు వార్విక్‌ను వెనకేసుకొస్తూ, ఆ తరవాత అతన్నే ఏడిపిస్తూ నవ్వుతున్నారు. "వకీలులా వాదించి గెలిచి మరీ ఓడిపోయావు కదరా!" అన్నాడు ఒకడు.

వార్విక్ లేచి నిలబడి చెయ్యి చాపాడు. "ఒక్కటి చెప్పు జాస్. ఫిరంగి దెబ్బ తగలాలనే వేశావా, నా నోట ఆ మాట అనిపించాలనే వేశావా?"

"దారం ముందు పట్టకూడదు కదా, వార్విక్. ఆ చెట్లెంతో నాకూ తెలీదు, నిజంగా. కనబడితే నీ తుపాకీ నోరు మూయించడానికి సగం అవకాశం. కనబడకపోతే నా వాళ్లకు దారి. మనుషుల్ని పంపేముందు ఫిరంగితో అడిగి చూశానంతే."

"మరి అంతసేపు నాతో ఎందుకు పోట్లాడావు?"

"నాది తప్పని ఎవరైనా నిరూపించాలిగా!" అని పకపకా నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆ నవ్వుకు.

ఆ డిసెంబరులో వార్విక్ గీలాంగ్ నుంచి బండి నడుపుకుంటూ వచ్చి మంచె ఎక్కాడు. మెట్లెక్కేసరికి ఆయాసంతో అరగంట మాట్లాడలేదట. అది తన ఉద్యోగంలో అన్నిటికన్నా ప్రశాంతమైన అరగంట అని జాస్ మా అందరికీ చెప్పింది. మర్నాటి నుంచి ఇద్దరూ ఉత్తరాల్లో ఆడుకోవడం మొదలుపెట్టారు. 2017లో ఆమె మొదటి రౌండులోనే ఓడిపోయింది, ఆ మరుసటి ఏడు వార్విక్ చేతిలోనే ఓడింది. దానికేమీ బాధపడలేదు. చూపు గీతల మీద చిన్న చిన్న చిక్కుప్రశ్నలు తయారుచేసి గురువారాలు మా మీదకు వదిలేది. ఒక పటం ముక్క, రెండు బిళ్లలు, కనబడుతుందా లేదా అంతే. అలాంటివి నూట పన్నెండు చేసింది. నాకు నలభై పైగా తప్పాయి.

2021లో మంచె పని మానేసింది. మోకాళ్లు మెట్లకు ఒప్పుకోవడం లేదంది. కనబడని చోట్ల పుస్తకం కొత్తగా వచ్చినామెకు ఇచ్చి, మొదటి నెల తనే పక్కన కూర్చుంది.

కిందటేడు ఆ ఆటకు కొత్త ముద్రణ వచ్చింది. పెట్టె విప్పి నిబంధనల పుస్తకంలో ఎత్తుల భాగం తెరిచి, రెండుసార్లు చదివాను. గడి చుక్కను బట్టి కాదు, దారం కింద ఉన్న రంగును బట్టే ఎత్తు అని రాశారు. అంటే ఆ రోజు జాస్ వాదనే ఇప్పుడు చట్టం. ఆ చట్టం ఆనాడే ఉంటే మెషిన్ గన్ ఆ పొలాన్ని ఎంచక్కా చూసేది, గెలుపు రెండు పాచికల చేతిలో ఉండేది.

జాస్‌కు ఫోను చేసి చదివి వినిపించాను.

"కెల్! నా నూట పన్నెండూ మళ్లీ చెయ్యాలి కదా!" అంది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, సొరుగు లాగిన చప్పుడు వినబడ్డాయి. "దుకాణం ఎన్నింటికి కడతావు? ఆ పెట్టె పట్టుకుని ఇటే వచ్చెయ్. వార్విక్‌కు మాత్రం అప్పుడే చెప్పకు, వాడి మీద కనీసం ఒక ఆటైనా గెలవనీ."